పొలం బేరం పెట్టేముందు: చదువు అప్పులపై మీ ప్రశ్నలు

ఎప్‌సెట్ కౌన్సెలింగ్ మొదలైతే చాలు, ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో సగం ఫీజుల గురించే ఉంటాయి. రిటైరయ్యే ముందు కొన్నేళ్లు నారాయణగూడ వైపు ఒక ప్రభుత్వ బ్యాంకు శాఖలో అప్పుల టేబుల్ చూశాను. సీటు వచ్చిన సంతోషం, ఫీజు కట్టాల్సిన ఆఖరు తేదీ రెండూ కలిసి కూర్చునే కుర్చీ అది. ఎవరు వచ్చినా మొదటి మాట ఒక్కటే: "ఏం తాకట్టు పెట్టాలి మేడమ్?" ఈ నెల ఉత్తరాల్లోనూ అదే టెన్షన్ కనిపించింది. అందుకే అన్నీ ఒక్కచోట పెట్టి జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: పటాన్‌చెరులో ప్రైవేటు కంపెనీలో సూపర్‌వైజర్‌ని. ఏడాదికి 7 లక్షల జీతం. మా అమ్మాయికి వరంగల్ ఎన్‌ఐటీలో సీటొచ్చింది. నల్గొండ దగ్గర రెండెకరాల పొలం ఉంది. అప్పెందుకు, అమ్మెయ్ బావా అంటున్నాడు మా బావమరిది. దగ్గర్లోని బ్యాంకుకు వెళ్తే ఆస్తి కాగితాలు తెమ్మన్నారు. ఏం చేయమంటారు? – ఒక తండ్రి, రామచంద్రాపురం

జవాబు: ముందు మీ బావమరిదిని కాస్త ఆగమనండి. పొలం ఎక్కడికీ పోదు. అమ్మాక మాత్రం మళ్లీ ఆ ధరకు కొనలేరు.

కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరు 6న పీఎం-విద్యాలక్ష్మి అనే పథకానికి ఆమోదం ఇచ్చింది. కేంద్రం కాలేజీలకు ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకులను బట్టి దేశంలో మంచి కాలేజీలు, యూనివర్సిటీలు మొదట 860 ఎంపిక చేశారు. ఆ జాబితాను ఏటా సవరిస్తారు. కేంద్ర ప్రభుత్వ విద్యా సంస్థలన్నీ అందులోకి వస్తాయి కాబట్టి వరంగల్ ఎన్‌ఐటీ గురించి మీరు వెతుక్కోనక్కర్లేదు. మన ఊళ్లో గచ్చిబౌలి సెంట్రల్ యూనివర్సిటీ, కంది ఐఐటీ కూడా అంతే. మెరిట్ మీదో, ప్రవేశ పరీక్ష రాసో ఇలాంటి చోట సీటు తెచ్చుకున్న విద్యార్థికి ఆస్తి తాకట్టు లేకుండా, బయటివాళ్ల ష్యూరిటీ లేకుండా అప్పివ్వాలి. ట్యూషన్ ఫీజే కాదు, చదువుకు సంబంధించిన మిగతా ఖర్చులూ అందులో వస్తాయి. తల్లో తండ్రో అమ్మాయితో పాటు సంతకం పెట్టాల్సి ఉంటుంది, అంతే. మిమ్మల్ని ఆస్తి కాగితాలు అడిగిన ఉద్యోగికి పథకం పేరు చెప్పి, ఈ పథకం కింద ఇవ్వమని నోరు తెరిచి అడగండి. మామూలు విద్యా రుణం కింద లెక్కేసి మిమ్మల్ని పంపించేసి ఉంటారు. కొత్తగా బదిలీ మీద వచ్చినవాళ్లకు ఈ తేడా తెలియకపోవడం నేను చూసినదే.

తాకట్టు లేకుండా బ్యాంకు ధైర్యంగా ఎలా ఇస్తుందంటారా? ఏడున్నర లక్షల వరకు ఉన్న అప్పుల్లో, మొండిబాకీ అయితే 75 శాతానికి ప్రభుత్వం బ్యాంకుకు హామీగా నిలబడుతుంది. గమనించండి, ఆ హామీ బ్యాంకుకు, మీకు కాదు. బాకీ బాకీగానే ఉంటుంది.

మీకు దీనికన్నా పెద్ద లాభం వడ్డీలో ఉంది. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉంటే, 10 లక్షల వరకు అప్పు మీద 3 శాతం వడ్డీ ప్రభుత్వం భరిస్తుంది. చదివే కాలం, ఆ తర్వాత ఒక ఏడాది, అంటే కిస్తులు కట్టక్కర్లేని మారటోరియం మొత్తం. ఏటా లక్ష మంది కొత్త విద్యార్థులకే ఈ రాయితీ అని హద్దు పెట్టారు. ఎక్కువ మంది పోటీపడితే ప్రభుత్వ సంస్థల్లో చదివేవాళ్లకు, టెక్నికల్, ప్రొఫెషనల్ కోర్సుల వాళ్లకు ముందు ఇస్తారు. మీ అమ్మాయికి రెండూ కలిసొచ్చాయి. ఒక మెలిక మాత్రం ఉంది. ఇతర ప్రభుత్వ స్కాలర్‌షిప్పో, ఫీజు రీయింబర్స్‌మెంటో తీసుకుంటూ ఈ 3 శాతం కూడా కావాలంటే కుదరదు.

ఆదాయం 8 లక్షల లోపేనని మీ జీతం స్లిప్పు చెబితే సరిపోదు. మీసేవలో దరఖాస్తు పెట్టి తహసీల్దారు ఇచ్చే ఆదాయ ధ్రువపత్రం తీసుకోవాలి. మీ శ్రీమతి గారికి ఆదాయం ఉంటే అదీ కలుస్తుంది. ఈ కాగితం కోసం కాలేజీ తెరిచేదాకా ఆగకండి, ఈ వారమే పెట్టేయండి. పథకం పోర్టల్‌లో దరఖాస్తు వేస్తే అది ఏ దశలో ఉందో ఇంట్లో కూర్చునే చూసుకోవచ్చు. బ్యాంకు చుట్టూ తిరిగే బాధ పూర్తిగా తప్పుతుందని చెప్పను కానీ, "మీ ఫైలు ఎక్కడుందో చూడాలండీ" అనే మాట మాత్రం తప్పుతుంది.

మీ ఆదాయం 5 లక్షల లోపు ఉండుంటే అప్పు ఊసెత్తే ముందు ఇంకో మాట చెప్పేదాన్ని. ఎన్‌ఐటీలు, ఐఐటీల్లో కుటుంబ ఆదాయం లక్ష లోపు ఉంటే ట్యూషన్ ఫీజు మొత్తం మాఫీ, లక్ష నుంచి 5 లక్షల మధ్య ఉంటే మూడింట రెండు వంతులు మాఫీ. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు ఆదాయంతో పని లేకుండానే ట్యూషన్ ఫీజు ఉండదు. ఇది చదివే మిగతావాళ్లు ఎవరైనా ఉంటే ముందు ఆ సంగతి చూసుకోండి. తక్కువ అప్పును మించిన రాయితీ లేదు.

ప్రశ్న: నమస్తే అమ్మా. మా ఆయనది బట్టలు కుట్టే షాపు. ఆదాయం ఏడాదికి 3 లక్షల 20 వేలని సర్టిఫికెట్ ఇచ్చిండ్రు. హద్దు దాటింది, ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదన్నరు. మా బాబుకు కన్వీనర్ కోటాలో ఇంజినీరింగ్ సీటొచ్చింది. ఫీజు, హాస్టల్ కలిపి ఏడాదికి లక్షన్నర. గవర్నమెంటు లోను తీసుకుంటే తిరిగి కట్టేది లేదని మా గల్లీలో అంటున్నరు. మరి కొందరేమో మిత్తి పెరిగి ఇల్లు పోతదని భయపెడుతున్నరు. ఏది నిజం? – ఒక తల్లి, ఉప్పల్

జవాబు: రెండూ నిజం కాదమ్మా. అసలు కట్టాల్సిందే, ప్రతి రూపాయీ. ఎన్నికలప్పుడు వినిపించే మాఫీ మాటలను నమ్ముకుని చదువు అప్పు తీసుకోవద్దు. అలాగని ఇల్లూ పోదు. ఎందుకంటే ఏడున్నర లక్షల లోపు చదువు అప్పుకు ఇల్లు తాకట్టు పెట్టమని అడగకుండా ఉండేందుకే ప్రభుత్వం గ్యారంటీ నిధి పెట్టింది.

ఇక మిత్తి సంగతి. మీలాంటి కుటుంబానికి ఈ అప్పులో అసలైన మేలు ఇక్కడే ఉంది కాబట్టి కొంచెం నిదానంగా చదవండి. బాబును పక్కన కూర్చోబెట్టుకుని కాగితం మీద వేసుకుంటూ చదివితే ఇంకా మంచిది.

నాలుగేళ్లకు ఏటా లక్షన్నర చొప్పున బ్యాంకు మొత్తం 6 లక్షలు ఇస్తుందనుకుందాం. వడ్డీ 10 శాతం అనుకుందాం. చదివేటప్పుడు, చదువు అయిపోయాక మరో ఏడాది వరకు కిస్తు కట్టక్కర్లేదు. కట్టక్కర్లేదంటే వడ్డీ ఆగిందని కాదు. మొదటి ఏడాది ఇచ్చిన లక్షన్నర మీద ఐదేళ్ల వడ్డీ 75 వేలు. రెండో ఏడాది ఇచ్చినదాని మీద నాలుగేళ్లకు 60 వేలు. మూడోదాని మీద 45 వేలు. నాలుగోదాని మీద 30 వేలు. అంతా కూడితే 2 లక్షల 10 వేలు. ఏమీ కట్టకుండా ఊరుకుంటే కిస్తులు మొదలయ్యే రోజున ఈ 2 లక్షల 10 వేలూ అసలులో కలిసిపోతాయి. మీరు తీసుకున్నది 6 లక్షలు, మీ పేరున ఉన్నది 8 లక్షల 10 వేలు. దాన్ని పదేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 10,700 రూపాయలు.

కుటుంబ ఆదాయం నాలుగున్నర లక్షల లోపు ఉండి, పిల్లవాడు న్యాక్ లేదా ఎన్‌బీఏ గుర్తింపు ఉన్న చోట టెక్నికల్, ప్రొఫెషనల్ కోర్సు చదువుతుంటే, ఆ 2 లక్షల 10 వేలూ కేంద్ర ప్రభుత్వం కడుతుంది. మొత్తం కడుతుంది, 3 శాతం కాదు. 2009-10 నుంచి ఉన్న వడ్డీ రాయితీ పథకం ఇది. అప్పుడు బాబు ఉద్యోగంలో చేరాక 6 లక్షల మీదే కిస్తు మొదలవుతుంది. నెలకు దాదాపు 7,930. నెలనెలా 2,700 పైచిలుకు తేడా, పదేళ్ల పాటు. ఇదే లక్షన్నర బయట నూటికి రెండు రూపాయల మిత్తికి తెస్తే తెచ్చిన నెల నుంచే నెలకు 3 వేలు. అదీ ఒక్క ఏడాది ఫీజుకే.

మరి ఇంత మంచి పథకం ఉంటే అందరికీ ఎందుకు రావట్లేదు? నా అనుభవంలో ఎక్కువమంది జారిపోయేది కాగితం దగ్గర. అప్పు శాంక్షన్ అయ్యే సమయంలోనే ఆదాయ ధ్రువపత్రం ఇచ్చి, వడ్డీ రాయితీ కింద క్లెయిమ్ చేయమని బ్యాంకులో రాసివ్వాలి. శాఖ వాళ్లు వివరాలు పంపితేనే రాయితీ సొమ్ము మీ ఖాతాకు వస్తుంది. మీరు అడగకపోతే కౌంటర్ అవతలి మనిషికి గుర్తుండకపోవచ్చు. ఏడాదికోసారి అప్పు ఖాతా స్టేట్‌మెంట్ తీయించుకోండి. అందులో ఒక పక్క వడ్డీ వేసిన పద్దులు వరసగా ఉంటాయి. మరో పక్క సబ్సిడీ జమ అయిన పద్దు కనిపించాలి. కనిపించకపోతే అప్పుడే అడగాలి. నాలుగేళ్లు గడిచాక అడిగితే ఆ పాత సంవత్సరాల క్లెయిమ్ తెప్పించడం ఎంత కష్టమో నాకు తెలుసు.

ఇంకొన్ని విషయాలు. బాబు చదువు మధ్యలో మానేస్తే రాయితీ పోతుంది, అనారోగ్యం వల్ల మానేస్తే తప్ప. ఈ రాయితీ ఒక్కసారే. డిగ్రీకి వాడుకున్నాక మళ్లీ పీజీకి రాదు. 4 లక్షలు దాటిన అప్పుకు బ్యాంకు మీ వాటా కొంత అడుగుతుంది. మన దేశంలో చదువుకైతే అది 5 శాతం. 6 లక్షల ఖర్చుకు 30 వేలు. అదీ ఒకేసారి కాదు, ఏ ఏడుకు ఆ ఏడు ఫీజుతో పాటు పెట్టుకోవచ్చు. బాబుకు ఏదైనా స్కాలర్‌షిప్ వస్తే అదీ మీ వాటాలో లెక్కకు వస్తుంది.

మీ ఇంటి దగ్గరి శాఖకు వెళ్తే "మీ ఏరియా మాది కాదు, వేరే బ్రాంచికి వెళ్లండి" అనొచ్చు. చదువు అప్పు విషయంలో ఇల్లు ఏ బ్యాంకు పరిధిలో ఉందన్న కారణంతో దరఖాస్తు తిప్పి పంపకూడదని రిజర్వు బ్యాంకు 2012లోనే చెప్పింది. మర్యాదగానే ఆ మాట గుర్తుచేయండి. అయినా కాదంటే, కారణం కాగితం మీద రాసివ్వమనండి. రాసివ్వమన్నాక చాలాసార్లు దరఖాస్తు తీసుకుంటారు.

ప్రశ్న: మా వాడికి ర్యాంకు సరిగా రాలేదు. మేనేజ్‌మెంట్ సీటు ఇప్పిస్తామని ఒకాయన అంటున్నాడు. ఫీజు కాకుండా 5 లక్షలు విడిగా కావాలట, రసీదు ఉండదట. దీనికి ప్రభుత్వ లోను వస్తుందా? – ఒక పాఠకుడు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: రాదు. రసీదు లేని సొమ్ముకు ఏ బ్యాంకూ అప్పివ్వదు. పైగా దాన్ని క్యాపిటేషన్ ఫీజు అంటారు. 1983 నాటి చట్టం ప్రకారం మన దగ్గర అది వసూలు చేయడమే నేరం. బీ-కేటగిరీ సీటుకు కాలేజీ అధికారికంగా రాసిచ్చే ఫీజు వరకైతే కొన్ని బ్యాంకులు తమ సొంత పథకాల కింద అప్పు చూస్తాయి. వాటిలో తాకట్టు అడగొచ్చు. పైన చెప్పిన వడ్డీ రాయితీల మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. ఆ 5 లక్షలు చేతిలో ఉంటే మీ వాడికి కన్వీనర్ కోటాలో వచ్చే కాలేజీలో నాలుగేళ్ల ఫీజులో చాలా భాగం తీరిపోతుంది కదా. ఇంజినీరింగ్‌లో ఫలానా బ్రాంచే కావాలని ఇంత పట్టుదల ఎందుకో నాకర్థం కాదు.

ప్రశ్న: రైల్వేలో ఉద్యోగం, మరో మూడేళ్లలో రిటైరవుతాను. మా అబ్బాయి బీటెక్ రెండో ఏడు. ఇంతవరకు చేతి డబ్బుతో కట్టాను. మిగతా రెండేళ్లకు పీఎఫ్ తీయాలా, లోను తీసుకోవాలా? లోను తీసుకుంటే నా పెన్షన్ మీద పడుతుందా? ఇన్‌కం ట్యాక్స్‌లో లాభం ఉందంటున్నారు, నిజమేనా? – ఒక ఉద్యోగి, మల్కాజిగిరి

జవాబు: మీ పీఎఫ్ జోలికి వెళ్లకండి. అబ్బాయికి అప్పిచ్చేవాళ్లున్నారు. మీ ముసలితనానికి అప్పిచ్చేవాళ్లు లేరు. కోర్సు మధ్యలో ఉన్నా మిగిలిన ఏళ్లకు అప్పు తీసుకోవచ్చు.

పెన్షన్ సంగతి దాచకుండా చెబుతాను. అప్పు అబ్బాయి పేరున ఉన్నా మీరూ కో-అప్లికెంట్‌గా సంతకం పెడతారు. అంటే వాడు కట్టకపోతే బ్యాంకు మిమ్మల్ని అడుగుతుంది, అప్పులు సరిగా కడుతున్నారా అని బ్యాంకులు చూసే మీ సిబిల్ స్కోరూ దెబ్బతింటుంది. చాలామంది తండ్రులు "నేను ఊరికే సాక్షి సంతకం పెట్టాను" అనుకుంటారు. అది సాక్షి సంతకం కాదు. వాడి అప్పులో సగం కాదు, మొత్తానికీ మీరు బాధ్యులు. కాబట్టి అబ్బాయిని బ్యాంకుకు వెంట తీసుకెళ్లండి, శాంక్షన్ లెటర్ వాడి చేత చదివించండి, కిస్తు ఎంతో వాడి నోటితోనే చెప్పించండి. నా టేబుల్ దగ్గర తండ్రి మాట్లాడుతుంటే కొడుకు పక్కన ఫోన్ చూసుకుంటూ కూర్చునేవాడు. ఆరేళ్ల తర్వాత నోటీసు వచ్చేది ఆ పేరు మీదే.

ట్యాక్స్ లాభం నిజమే, కానీ ఇందులో ఓ కిటుకు ఉంది. ఇన్‌కం ట్యాక్స్ చట్టం కింద చదువు అప్పుకు కట్టిన వడ్డీ మొత్తాన్ని, పై పరిమితి లేకుండా, ఆదాయం నుంచి తగ్గించుకోవచ్చని పేరు. అసలుకు వర్తించదు, వడ్డీకి మాత్రమే. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే, కొత్త విధానం ఎంచుకుంటే లేదు. అప్పు కాగితాల్లో తన పేరూ అప్పుదారుగా ఉండి, వడ్డీ తన ఆదాయం నుంచి కట్టినవాళ్లకే ఆ మినహాయింపు. ఇక కిటుకు ఏమిటంటే, వడ్డీ కట్టడం మొదలుపెట్టిన ఏడాది నుంచి మొత్తం 8 ఏళ్లే గడువు. మీరు పాత విధానంలో ఉండి, ఉద్యోగంలో ఉన్న ఈ మూడేళ్లూ వడ్డీ కడితే ఆ మేరకు మీకు మినహాయింపు దొరుకుతుంది. మీరు కొత్త విధానంలో ఉంటే ఆ లెక్క వదిలేయండి.

ట్యాక్స్ పక్కన పెట్టినా, చదివేటప్పుడే వడ్డీ కట్టేయడం నాకు నచ్చే పద్ధతి. అలా కడితే కిస్తులు మొదలయ్యాక అసలు పెరిగి ఉండదు. పైగా మారటోరియంలో వడ్డీ క్రమం తప్పకుండా కట్టేవాళ్లకు చాలా బ్యాంకులు ఒక శాతం వరకు తగ్గింపు ఇస్తాయి. లక్షన్నర అప్పు మీద 10 శాతం చొప్పున నెలకు 1,250 రూపాయలు. మీ జీతంలో అది తెలియదు. రెండో విడత తీసుకున్నాక 2,500 అవుతుంది. రిటైరయ్యాక మిగతాది వాడికి అప్పగించండి.

చేతికి ఎప్పుడైనా పెద్ద మొత్తం వస్తే ముందే కట్టేయొచ్చు. ఫ్లోటింగ్ వడ్డీ, అంటే రేటు మారుతూ ఉండే వడ్డీ మీద ఉన్న వ్యక్తిగత అప్పును ముందుగా తీర్చినందుకు బ్యాంకులు జరిమానా వేయకూడదు.

ప్రశ్న: లోనులో ల్యాప్‌టాప్, హాస్టల్, స్కూటీ కూడా వస్తాయా? మా అమ్మాయి అడిగి రాయమంది. – ఒక తల్లి, కూకట్‌పల్లి

జవాబు: హాస్టల్, మెస్, పుస్తకాలు, ల్యాప్‌టాప్, పరీక్ష ఫీజులు, ల్యాబ్ ఫీజులు వస్తాయి. స్కూటీ కొన్ని బ్యాంకులు మాత్రమే, అదీ చిన్న మొత్తం వరకే ఒప్పుకుంటాయి. ఫీజు సాధారణంగా నేరుగా కాలేజీ ఖాతాకే వెళ్తుంది. మిగతావాటికి బిల్లులు అడుగుతారు కాబట్టి జీఎస్టీ బిల్లు ఉన్న షాపులోనే కొనండి. స్కూటీకైతే ఎదురుగా మెట్రో పెట్టుకుని పదేళ్ల కిస్తు ఎందుకమ్మా అని మీ అమ్మాయికి నా మాటగా చెప్పండి.

ప్రశ్న: మా అబ్బాయి ఎమ్మెస్‌కు అమెరికా వెళ్తున్నాడు. అక్కడి ప్రభుత్వం విద్యార్థులకు తక్కువ వడ్డీకి లోన్లు ఇస్తుందట కదా? మా తమ్ముడు డాలస్‌లో సిటిజన్, వాడి పేరు మీద తీసుకోవచ్చా? – ఒక తండ్రి, వనస్థలిపురం

జవాబు: అమెరికా ఫెడరల్ ప్రభుత్వ రుణాలు వాళ్ల పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు, ఇంకా కొద్ది వర్గాల వాళ్లకు మాత్రమే. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద వెళ్లే మీ అబ్బాయికి రావు. అక్కడ తల్లిదండ్రుల పేరున ఇచ్చే ప్రభుత్వ రుణం ఒకటుంది కానీ, అది డిగ్రీ చదివే సొంత పిల్లల కోసం. బాబాయి తీసుకోవడం కుదరదు.

మన పీఎం-విద్యాలక్ష్మి కూడా దేశంలో చదువులకే. విదేశీ చదువుకు బ్యాంకు అప్పు దొరుకుతుంది కానీ ఏడున్నర లక్షలు దాటితే మామూలుగా తాకట్టు అడుగుతారు, మీ వాటాగా 15 శాతం పెట్టమంటారు. ఒక చిన్న ఊరట ఏమిటంటే, బ్యాంకు అప్పుగా తీసుకున్న సొమ్ము చదువు కోసం విదేశానికి పంపితే 2025 ఏప్రిల్ 1 నుంచి టీసీఎస్, అంటే పంపేటప్పుడే ముందుగా తీసుకునే పన్ను, పట్టుకోవట్లేదు.

మీరు ఏ వర్గానికి చెందినవారో రాయలేదు. ఎస్సీ, ఎస్టీలకు అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి, బీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే పేరున ఉన్న విద్యానిధి, మైనారిటీలకు విడిగా మరో పథకం తెలంగాణ ప్రభుత్వం నడుపుతోంది. ఆదాయ పరిమితి, మార్కులు, జీఆర్ఈ, ఐఈఎల్‌టీఎస్ వంటి స్కోర్లు చూసి 20 లక్షల వరకు ఇస్తారు. అది అప్పు కాదు, తిరిగి కట్టక్కర్లేదు. మీకు వర్తించేలా ఉంటే విమానం టికెట్ కంటే ముందు అది చూడండి.

ప్రశ్న: అమ్మా, నేను బీటెక్ పూర్తి చేసి ఏడాది దాటింది. ఉద్యోగం రాలేదు. అమీర్‌పేట్‌లో హాస్టల్లో ఉండి కోర్సు నేర్చుకుంటున్నాను. లోను కిస్తులు మొదలయ్యాయి, రెండు కట్టలేదు. రోజూ ఫోన్లు వస్తున్నాయి, నంబరు చూసి ఎత్తడం మానేశాను. నాన్నకు చెప్పలేదు. – ఒక విద్యార్థి

జవాబు: నాన్నా, ముందు ఫోన్ ఎత్తు. నువ్వు ఎత్తకపోతే వాళ్లు నీకు కట్టే ఉద్దేశం లేదని రాసుకుంటారు. ఎత్తి "ఉద్యోగం లేదు, ఫలానా రోజు బ్రాంచికి వచ్చి మాట్లాడతాను" అంటే అది వేరే కేసు. ఉదయం 8 లోపు, రాత్రి 7 దాటాక వసూలు కోసం ఫోన్ చేయకూడదని రిజర్వు బ్యాంకు నియమం. ఆ వేళల్లో వస్తే మాత్రం నంబరు, సమయం రాసిపెట్టుకో.

నీకు టైం తక్కువ ఉంది. కిస్తు 90 రోజులు దాటి బాకీ పడితే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండిబాకీ అవుతుంది. అప్పుడు నీ సిబిల్‌తో పాటు మీ నాన్నదీ పాడవుతుంది. రేపు నీకు ఉద్యోగం ఇచ్చే కొన్ని కంపెనీలు, ముఖ్యంగా బ్యాంకులు, ఆ స్కోరు చూస్తాయి. అందుకే మీ నాన్నకు ఈ రాత్రే చెప్పు. ఆయన సంతకమూ ఆ కాగితాల మీద ఉంది. బ్యాంకు నుంచి వినడం కంటే నీ నోట వినడం నయం. తిడతారు, ఓ గంట.

ఉద్యోగం లేని కాలానికి వెసులుబాటు కొత్తగా అడుక్కోవాల్సినది కాదు. బ్యాంకుల సంఘం ఐబీఏ తయారుచేసిన నమూనా విద్యా రుణ పథకంలోనే ఉంది. ఉద్యోగం లేకపోయినా, జీతం బాగా తక్కువైనా, అప్పు కాలం మొత్తంలో రెండు మూడు సార్లు మారటోరియం ఇవ్వొచ్చని అందులో రాశారు. తీర్చే గడువును 15 ఏళ్ల వరకు పెంచొచ్చు. మొదట చిన్న కిస్తు, జీతం పెరిగాక పెద్ద కిస్తు అన్న ఏర్పాటూ ఉంది. ఇవన్నీ ఇవ్వొచ్చు అని ఉన్నాయే తప్ప అడగకుండా ఇవ్వరు. మేనేజర్ చేతిలో కాగితం ఉండాలి.

ఉత్తరం పెద్దగా అక్కర్లేదు. అప్పు ఖాతా నంబరు, చదువు అయిపోయిన నెల, ఇప్పటివరకు వెళ్లిన ఇంటర్వ్యూల వివరాలు, ఇప్పుడు చేస్తున్న కోర్సు, ఎన్ని నెలల వ్యవధి కావాలి, ఈ లోపు నెలకు ఎంత కట్టగలవు. ఈ చివరి వాక్యం తప్పక రాయి, వెయ్యి రూపాయలైనా సరే. ఏమీ కట్టలేనన్న వాళ్లకంటే కొంత కడతానన్న వాళ్ల ఫైలు త్వరగా కదులుతుంది. ట్యూషన్లు చెప్పో, సాయంత్రాలు ఏదైనా పార్ట్‌టైం చేసో ఆ వెయ్యి సంపాదించొచ్చు. రెండు కాపీలు తీసుకెళ్లు. ఒకటి వాళ్లకిచ్చి, రెండో దాని మీద తేదీ వేసి స్టాంపు కొట్టించుకుని నీ దగ్గర పెట్టుకో. భోజనాల వేళకు వెళ్లకు, పదకొండు లోపు వెళ్తే మేనేజర్ కాస్త తీరికగా ఉంటారు.